ఆర్డర్ ఆఫ్ మెరిట్: ఎంపిక రాజు ఒక్కరి చేతిలోనే ఉండాలా?

కృష్ణాతీరం:
బ్రిటన్‌లో 1902లో ఏడవ ఎడ్వర్డ్ స్థాపించిన ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ అనే సత్కారంలో జీవించి ఉన్న సభ్యులు 24 మందికి మించరాదు, ఒకరు కన్నుమూస్తే తప్ప మరొకరికి చోటు ఉండదు. విదేశీయులైన గౌరవ సభ్యులు ఈ లెక్కలోకి రారు. ‘సర్’ వంటి బిరుదేదీ దీనితో రాదు. పేరు చివర రెండు అక్షరాలు, నీలం, ఎరుపు రంగుల రిబ్బనుకు వేలాడే చిన్న పతకం, అంతే. ఈ నిరాడంబరత నాకు నచ్చుతుంది. అయితే ఎవరికి ఇవ్వాలో ప్రధానమంత్రి సలహాతో నిమిత్తం లేకుండా రాజో రాణియో స్వయంగా నిర్ణయిస్తారు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

ఈ సత్కారం అందుకున్న మొదటి మహిళ నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్. 1907లో అది దక్కేనాటికి ఆమెకు 87 ఏళ్లు, చూపు పోయింది, లేచి రాజప్రాసాదానికి వెళ్లే స్థితిలో లేనందున పతకాన్ని లండన్‌లోని ఆమె ఇంటికే తీసుకువెళ్లి ఇచ్చారు. రెండవ మహిళ డొరొతీ హాడ్జ్‌కిన్ 1965లో గానీ రాలేదు. పెన్సిలిన్ అణునిర్మాణాన్ని తేల్చిన ఆ శాస్త్రవేత్త కూడా, 1964లో నోబెల్ బహుమతి వచ్చిన తరువాతే రాజకుటుంబం కంటపడ్డారు. ఈ ఇద్దరి మధ్య గడిచిన 58 ఏళ్లలో యోగ్యురాలైన మహిళ ఒక్కరూ లేరని ఎవరైనా నమ్మగలరా?

పాత గ్రంథాలయం:
కృష్ణాతీరం గారూ, ఆ 58 ఏళ్ల అన్యాయాన్ని నేను సమర్థించను. కానీ ప్రభుత్వం ద్వారా నడిచిన సత్కారాల చరిత్ర ఇంతకంటే మెరుగ్గా ఉందా? లాయిడ్ జార్జ్ ప్రధానమంత్రిగా ఉన్న రోజుల్లో బిరుదులు డబ్బుకు అమ్ముడుపోయాయన్న ఆరోపణలతో 1922లో పెద్ద దుమారం రేగింది. ఆ అమ్మకాన్ని నేరంగా పరిగణిస్తూ 1925లో ఏకంగా చట్టమే చేయవలసి వచ్చింది.

మరో ఉదాహరణ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ రాసినందుకు 1918లో ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. అదే మనిషికి 1949లో ఆరవ జార్జి ఈ పతకం ఇచ్చారు. ఆయనకు నోబెల్ వచ్చింది ఆ మరుసటి సంవత్సరం. అంటే ఇక్కడ నోబెల్ కమిటీ కంటే రాజే ముందున్నారు. ఓట్ల లెక్కలు చూసుకునే మంత్రివర్గం, జైలుకు వెళ్లివచ్చిన మనిషి పేరును అంత సులభంగా సూచించి ఉండేదని నేను అనుకోను.

తిరుత్తణి దారి:
మన వైపు నుంచి ఒక మాట. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1963లో, రాష్ట్రపతిగా ఉండగానే, ఇందులో గౌరవ సభ్యులయ్యారు. భారత పౌరులెవరూ విదేశీ రాజ్యం నుంచి బిరుదు స్వీకరించరాదని మన రాజ్యాంగంలోని 18వ అధికరణం చెబుతుంది. 1931లో తనకు వచ్చిన ‘సర్’ బిరుదును స్వాతంత్ర్యం తరువాత వాడటం మానేసిన ఆయన, దీన్ని స్వీకరించగలిగారంటే ఇది పేరుకు ముందు వచ్చి కూర్చోదు గనకనే అని నా అభిప్రాయం. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందూ వెనుకా తగిలించుకోరాదనీ 1995లో మన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులోనూ ఇదే విచక్షణ కనిపిస్తుంది.

నా దృష్టిలో ఈ సత్కారపు విలువ 24 అన్న పరిమితిలోనే ఉంది తప్ప, రాజు చేతిలో లేదు. పద్మ పురస్కారాలకు ఈనాడు ఎవరైనా పేర్లు పంపవచ్చు. పరిమితిని అలాగే ఉంచి, పేర్లు వచ్చే ద్వారం మాత్రం ఇక్కడి వలె తెరిస్తే నష్టమేమిటి?

కృష్ణాతీరం:
రస్సెల్ విషయంలో పాత గ్రంథాలయం గారి మాట ఒప్పుకుంటున్నాను. కానీ మార్గరెట్ థాచర్‌కు 1990లో, ప్రధానమంత్రి పదవి వదిలిన కొద్ది రోజులకే, ఇదే పతకం దక్కింది. రాజకీయాలకు అతీతమైన ఎంపిక అనడానికి అది అడ్డు వస్తుంది. 2022 నవంబరులో ప్రకటించిన ఆరుగురిలో ముగ్గురు మహిళలు ఉండటం, వారిలో ఎలిజబెత్ అనియోన్వు అనే నర్సు ఉండటం నాకు నిజంగా సంతోషం కలిగించింది. నైటింగేల్ తరువాత 115 ఏళ్లకు ఆ వృత్తికి దక్కిన గౌరవమది. తిరుత్తణి దారి గారు చెప్పినట్లు ద్వారం తెరవడం కుదరకపోతే, ఎంచుకున్న ప్రతి ఒక్కరి విషయంలో ఎందుకు ఎంచుకున్నారో ఒక్క పేజీ రాసి రాజు సంతకంతో ప్రకటించాలి. నేను కోరేది అంతవరకే.