ఫాయాస్ పండుగ రోజుల్లో అమ్మానాన్నలతో వాలెన్సియా వెళ్లొచ్చా?

మార్చి మధ్యలో అమ్మానాన్నలని తీసుకుని మాడ్రిడ్ నుంచి రైల్లో వాలెన్సియా వెళ్దామనుకుంటున్నాను. 1957 వరదల తర్వాత తురియా నదిని ఊరి బయటికి మళ్లించి, పాత నది దారిని పార్కుగా మార్చారు కదా, నాన్నకి అదే చూడాలట. నాకేమో పాత పట్టు బజారు లోన్హా, దాని ఎదురుగా ఉన్న సెంట్రల్ మార్కెట్ చాలు. చిక్కల్లా పండుగతోనే. 19వ తేదీ వరకు రోజూ మధ్యాహ్నం 2 గంటలకి మునిసిపల్ ఆఫీసు ముందు చెవులు చిల్లులు పడేలా టపాసులు పేలుస్తారు. అమ్మకి దీపావళి అంటేనే టెన్షన్! బస బీచ్ వైపు తీసుకుంటే నయమా? ఇంకోటి, అక్కడి అసలు పయేయాలో (బియ్యంతో చేసే వంటకం) కోడి, కుందేలు మాంసం వేస్తారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఉత్త కూరగాయలతో చేసిపెట్టే హోటల్ ఎవరైనా చూశారా? ఆ మాట స్పానిష్‌లో ఎలా అడగాలో కూడా చెప్పండి ప్లీజ్.