వలస వెళ్లే ఇళ్ల పిల్లలకు టీకాలు: ఏ శాఖను, ఏ సంఘాన్ని ఏ పనికి అడగాలి?

ప్రశ్న (చందంపేట కార్యకర్త)

అందరికీ నమస్కారం. మేము దేవరకొండ, చందంపేట ప్రాంతపు తండాల్లో పిల్లల చదువు, పోషకాహారం విషయాలపై పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్లం. మొత్తం ఆరుగురమే. రెండేళ్లుగా చిన్నపిల్లల టీకాల విషయంలో ఆరోగ్య శాఖకు చేతనైన సాయం చేయాలని ప్రయత్నిస్తున్నాం. మొదటి ఏడాది మండల స్థాయిలో ఒక సమావేశం ఏర్పాటు చేశాం. వైద్యాధికారి, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, మహిళా సమాఖ్య బాధ్యులు, ఇద్దరు ప్రధానోపాధ్యాయులు, కొందరు సర్పంచులు వచ్చారు. అందరూ మాట్లాడారు, అందరూ సహకరిస్తామన్నారు, ఫొటో కూడా దిగాం. ఆరు నెలల తర్వాత లెక్క చూసుకుంటే, సమావేశానికి ముందు ఏ పిల్లలకు టీకాలు అందలేదో తర్వాత కూడా ఆ పిల్లలకే అందలేదు.

ఆ పిల్లలు ఎవరన్నది మాకు ఇప్పుడు కొంత అర్థమైంది. ఏడాది పొడవునా తండాలో ఉండే కుటుంబాల పిల్లలకు దాదాపు అందరికీ టీకాలు పడుతున్నాయి. మిగిలిపోతున్నది, తల్లిదండ్రులు హైదరాబాద్ శివార్ల నిర్మాణ పనులకో, పుణె, ముంబైలకో వెళ్లి వచ్చే ఇళ్ల పిల్లలు. ప్రసవం ఆసుపత్రిలోనే జరుగుతోంది కాబట్టి బీసీజీ, పుట్టినప్పటి పోలియో చుక్కలు, హెపటైటిస్-బి అక్కడే అందుతున్నాయి. ఆరో వారపు టీకా తల్లిగారింట్లో ఉండగా పడుతుంది. పదో వారం, పద్నాలుగో వారం వచ్చేసరికి తల్లీబిడ్డా ఏదో పట్టణంలో రేకుల షెడ్డులో ఉంటారు, కార్డు మాత్రం తండాలో ట్రంకు పెట్టెలో ఉంటుంది. తొమ్మిదో నెలలో వేయవలసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా సంగతి ఇక ఎవరికీ గుర్తుండదు.

నా సందేహాలు రెండు. సమావేశాలు కాకుండా, ఈ పనిలో ఇతర శాఖలను, సంఘాలను నిజంగా ఎలా కలుపుకోవాలి? రెండవది కొంచెం సున్నితమైనది. టీకాలు వేయవలసిన పిల్లల జాబితా, అంటే డ్యూ లిస్టు, మాకు చూపించమని అడిగితే సిబ్బంది జంకుతున్నారు. వారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, కానీ జాబితా లేకుండా మేము ఎవరి ఇంటికి వెళ్లాలి?


జవాబు 1 (విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, మహబూబ్‌నగర్)

మీ రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి దానికి జవాబు అందులోనే ఉంది. జాబితా అడగకండి, జాబితా ఇవ్వండి.

మీరు జాబితా అడిగినప్పుడు ఏఎన్‌ఎంకు, అంటే టీకాలు వేసే ఊరి నర్సమ్మకు, అది తనిఖీలా వినిపిస్తుంది. పైగా ఆమె దగ్గరున్న జాబితాలో మీకు కావలసిన పేర్లు ఉండవు. డ్యూ లిస్టు ఎలా తయారవుతుందో గమనించండి. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి పిల్లల తలలెక్క రాస్తుంది, దానినుంచి ఆ నెల ఎవరికి ఏ టీకా వేయాలో తీస్తారు. ఆమె తిరిగిన రోజు తాళం వేసి ఉన్న ఇంట్లోని బిడ్డ ఆ లెక్కలోకే రాదు. లెక్కలోకి రాని బిడ్డ టీకా వేయించుకోని వారి ఖాతాలోనూ పడదు. అందుకే కాగితం మీద నూటికి తొంభై అయిదు దాటిన ఊళ్లలో కూడా తట్టు వస్తుంది. తట్టుకున్న గుణం ఏమిటంటే, వంద మందిలో తొంభై అయిదు మందికి రక్షణ ఉంటే తప్ప అది ఆగదు, మిగిలిన అయిదుగురు ఒకే తండాలో, ఒకే షెడ్డు వరుసలో ఉంటే అక్కడే అంటుకుంటుంది.

నేను పల్స్ పోలియో కాలమంతా ఉద్యోగంలో ఉన్నదానిని. మన దేశంలో అది 1995లో మొదలైంది. బూత్ రోజు ఎంత మంది వచ్చారన్నది పత్రికల్లో వచ్చేది, కానీ అసలు పని తర్వాతి రోజుల్లో ఇంటింటి తిరుగుడులో జరిగేది. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడమీద ‘పి’ అని, ఒక్క బిడ్డ మిగిలినా ‘ఎక్స్’ అని సుద్దముక్కతో రాసేవాళ్లం. ఆ ఎక్స్ ఇళ్లకు రెండోసారి, మూడోసారి ఎవరు వెళ్తారన్నదే మొత్తం కార్యక్రమం. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఆ పనికోసమే యునిసెఫ్, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఊరివారినే కార్యకర్తలుగా పెట్టుకున్నాయి. మసీదు పెద్దలు ప్రకటన చేశారు, బడి పిల్లలు గుంపులుగా ఇళ్లకు వెళ్లి తల్లులను పిలుచుకొచ్చారు, రోటరీ సభ్యులు డబ్బు, మనుషులు ఇచ్చారు, ఇటుక బట్టీలను, సంచార కుటుంబాల గుడారాలను విడిగా గుర్తించి ప్రణాళికలో చేర్చారు. దేశంలో సహజ (వైల్డ్) పోలియో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది, 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రకటించారు. ఇంతమంది కలిసి పనిచేశారంటే ఒకరి పని ఇంకొకరు చేశారని కాదు. సూది పట్టుకునేది ఆరోగ్య శాఖే, మిగిలినవారందరూ ఆ ఎక్స్ గుర్తు ఇళ్లను పంచుకున్నారు.

కాబట్టి మీ ఆరుగురూ ఒక నెల వేరే ఏమీ చేయకుండా పేర్లు సేకరించండి. అంగన్‌వాడీలో నమోదైన పిల్లలు, పంచాయతీ కార్యదర్శి దగ్గరి జనన నమోదులు, ఆసుపత్రి నుంచి కార్డుతో ఇంటికి వచ్చిన బాలింతలు, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏదో ఒకదానిలో మాత్రమే కనిపించే పేర్లను ఏఎన్‌ఎం చేతికి ఇచ్చి, ‘అమ్మా, వీరు మీ జాబితాలో ఉన్నారేమో ఒకసారి చూస్తారా’ అని అడగండి. ఆ మాటతో ఆమె భయం పోతుంది. ఆ తర్వాత తన జాబితా తానే తెరుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఈ పేర్లను ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. టీకా వద్దన్న తల్లి పేరు ఊరి గ్రూపులోకి ఎక్కితే ఆ ఇంటి తలుపు మీకు మళ్లీ తెరుచుకోదు.


జవాబు 2 (గ్రామైక్య సంఘం వీవోఏ, అంటే సంఘం సహాయకురాలు, నారాయణపేట జిల్లా)

మేడం గారు చెప్పిన మూడు జాబితాలకు నాలుగోది కలుపుతాను. అది మహిళా సంఘం తీర్మానాల పుస్తకం. వలస వెళ్లే సభ్యురాలు పోయేముందు తన నెలవారీ పొదుపు, అప్పు కిస్తీ ఎవరు కడతారో సంఘానికి చెప్పి వెళ్లాలి. అంటే ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి పోతున్నారో ఆశా కార్యకర్త కంటే ముందు మాకు తెలుస్తుంది. ఏడాదిన్నర కిందట మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నెల సమావేశంలో కిస్తీల లెక్క అయ్యాక ఒకే ప్రశ్న అడుగుతాం: ‘ఈ నెల ఎవరింట్లో ఊరు విడుస్తున్నారు, వారింట్లో రెండేళ్లలోపు బిడ్డ ఉందా?’ ఉంటే, ఆ పేరు ఆ రోజే ఏఎన్‌ఎంకు చెబుతాం. బయలుదేరేలోపు బుధవారమో శనివారమో పడవలసిన టీకా ఉంటే వేయిస్తారు. కార్డును పెట్టెలో నుంచి తీయించి, ప్రయాణపు సంచిలో రేషన్ కార్డు పక్కన పెట్టించే బాధ్యత పక్కింటి సభ్యురాలిది. దీనికి మాకు ఏ పథకమూ డబ్బు ఇవ్వలేదు, అదనంగా పట్టేది పది నిమిషాలు.

మరొక మాట. మా దగ్గర కుటుంబాలు ఒక్కొక్కటిగా పోవు, గుంపు మేస్త్రీ వెంట పోతాయి. అడ్వాన్సు ఇచ్చిన జంటలందరి పేర్లూ, పని స్థలమూ మేస్త్రీ పుస్తకంలో ఉంటాయి. వలస గురించి మాట్లాడేటప్పుడు అందరూ మేస్త్రీని దోషిగా చూస్తారు, అందులో న్యాయం లేకపోలేదు. కానీ బిడ్డకు జబ్బు చేస్తే తల్లి పనికి రాలేదని నష్టపోయేది అతడే. ఆ మాట చెప్పి అడిగితే విన్నాడు. వెళ్లిన చోట దగ్గరి బస్తీ దవాఖాన ఎక్కడుందో తెలుసుకుని తల్లులకు చూపించే పని ఒప్పుకున్నాడు. టీకా దేశంలో ఎక్కడైనా ఉచితమేనని, ఊరి కార్డు పట్నంలో కూడా చెల్లుతుందని మా ఆడవాళ్లలో చాలామందికి తెలియదు.

వీరు తిరిగి వచ్చే రోజులు కూడా మనకు తెలిసినవే. మా వైపు పీర్ల పండుగకు, దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు వస్తారు. ఆ వారాల్లో అదనపు టీకా శిబిరం పెట్టమని పీహెచ్‌సీ డాక్టరు గారికి నెల ముందే సంఘం తరఫున ఉత్తరం ఇస్తాం. మీ తండాల్లో తీజ్ (లంబాడీల పండుగ) సమయంలో ఎంతమంది వస్తారో లెక్క చూసుకోండి.


జవాబు 3 (ఉపాధ్యాయుడు, అచ్చంపేట)

మా ప్రాంతపు అనుభవం వేరు. నల్లమల అడవి లోపలి చెంచు పెంటలకు (చెంచుల చిన్న ఊళ్లకు) టీకాలు వెళ్లాలంటే ఆరోగ్య శాఖ ఒక్కటే సరిపోదు. ఫరహాబాద్ దాటి అప్పాపూర్ వైపు పోవాలంటే అటవీ శాఖ చెక్‌పోస్టు దాటాలి, వాన పడితే మామూలు వాహనం పోదు. మందులు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి, క్యారియర్‌లోని ఐస్ ప్యాకులు కరిగేలోపు వెళ్లి రావాలి. అటవీ సిబ్బంది జీపు, మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సిబ్బంది, ఆరోగ్య సిబ్బంది ఒకే రోజు కుదిరితేనే పని అవుతుంది. కాబట్టి ‘శాఖల సమన్వయం’ అన్న పెద్ద మాట మా దగ్గర ‘ఫలానా రోజు జీపు ఉందా’ అన్న చిన్న ప్రశ్న.

ఇక మొండిగా టీకా వద్దనే వారి విషయంలో నాది కఠినమైన అభిప్రాయం. టీకా కార్డు చూపిస్తేనే రేషన్ బియ్యం అంటే నెలలో అందరూ దారికి వస్తారు.


జవాబు 4 (పిల్లల వైద్యుడు, నల్లగొండ)

ఉపాధ్యాయుల వారి మొదటి పేరాతో పూర్తిగా ఏకీభవిస్తూ, రెండో దానితో విభేదిస్తున్నాను. బియ్యం ఆపితే ఆకలితో ఉండేది ఆ బిడ్డే. పైగా మేము చూసిన ‘వద్దన్న’ తల్లుల్లో మొండివారు చాలా తక్కువ. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మూడున్నర నెలల టీకాలు పూర్తయ్యాక 2,000 రూపాయలు, తొమ్మిదో నెల టీకా తర్వాత 3,000 రూపాయలు అని విడతలు పెట్టారు. ప్రోత్సాహానికీ శిక్షకూ తేడా ఉంది. మొదటిది తల్లిని కేంద్రానికి రప్పిస్తుంది, రెండోది ఆమెను దాక్కునేలా చేస్తుంది.

వద్దనడానికి ఎక్కువసార్లు కారణం జ్వరం. పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి ఇచ్చే) టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసిన చోట వాపు రావడం సహజం. ఆ సంగతి ముందుగా చెప్పకపోతే, రాత్రంతా ఏడ్చిన బిడ్డను ఎత్తుకున్న తల్లి మరుసటి రోజు కూలి పోగొట్టుకుని, తర్వాతి సూదికి రాదు. నాలుగు మాటలు ప్రతి తల్లికీ చెప్పాలన్నది నియమం: ఇప్పుడు వేసింది ఏ జబ్బు రాకుండా, ఏ ఇబ్బంది రావచ్చు అది వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు భద్రంగా ఉంచుకుని వెంట తేవాలి. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. రద్దీలో ఏఎన్‌ఎంకు ఈ మాటలు చెప్పే తీరిక ఉండదు. ఆ అరగంటలో తల్లుల పక్కన కూర్చుని గోర్‌బోలిలో (లంబాడీ భాషలో) మాట్లాడగలిగిన మనిషి మీ సంస్థలో ఉంటే, అంతకంటే విలువైన సాయం లేదు.

జ్వరం వచ్చాక ఆ రాత్రి తల్లి వెళ్లేది నా దగ్గరికి కాదు, ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి. ‘సూది వికటించింది’ అని అతడు ఒక్క మాట అంటే మీ ఏడాది శ్రమ పోయినట్టే. అతడిని ప్రత్యర్థిగా చూడకుండా, మామూలు జ్వరమేదో, వెంటనే పీహెచ్‌సీకి పంపవలసిన లక్షణాలేవో వైద్యాధికారి చేత చెప్పించండి. మీ సమావేశానికి పిలిచిన వారి పేర్లలో ఆర్‌ఎంపీలు కనిపించలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆలస్యమైన పిల్లల గురించి కార్యకర్తలకు తెలియవలసినది కొంత ఉంది. మధ్యలో ఆగిన టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయనవసరం లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. మన జాతీయ పట్టిక ప్రకారం బీసీజీని ఏడాది వరకు ఇవ్వవచ్చు, ఎంఆర్‌ను అయిదేళ్ల వరకు వేస్తారు. పెంటావాలెంట్ మొదటి మోతాదు ఏడాదిలోపు మొదలుకాకపోతే, డీపీటీని (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకాను) ఏడేళ్ల వరకు ఇస్తారు. ‘సమయం దాటిపోయింది, ఇక లాభం లేదు’ అని ఎవరైనా వెనక్కి పంపితే ఆ మాట నమ్మవద్దు. అలాగే ఎంఆర్, బీసీజీ సీసా తెరిచి మందు కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి కాబట్టి, ఒక్క బిడ్డ కోసం సీసా తెరవడానికి సిబ్బంది వెనకాడతారు. ఒక్క బిడ్డ వచ్చినా తెరవవచ్చుననే నిబంధనలున్నాయి. మందు వృథా అయిందన్న మాట పడకుండా వైద్యాధికారి వారికి భరోసా ఇవ్వాలి.

మన జిల్లాల్లోకి వచ్చే వలసను కూడా మరవకండి. భువనగిరి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వచ్చి ఎండాకాలం దాకా ఉంటాయి. మన తండా బిడ్డ పుణెలో ఎలా ఉంటుందో, ఆ బిడ్డలు ఇక్కడ అలా ఉన్నారు.


ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మా సమావేశంలో లోపం ఎక్కడుందో ఇప్పుడు కనిపిస్తోంది. ఎవరినీ ఏ పేరు గురించీ అడగలేదు, అందరినీ ‘సహకారం’ అడిగాం. వచ్చే నెల రెండు తండాలతో మొదలుపెడతాం. అంగన్‌వాడీ, జననాలు, ఆసుపత్రి కార్డులు, సంఘం పుస్తకం పక్కపక్కన పెట్టి చూస్తాం. మాలో ఇద్దరికి గోర్‌బోలి మాతృభాష, ఇన్నాళ్లూ వారిచేత నివేదికలు రాయించాం, ఇకమీదట బుధవారాలు టీకా కేంద్రంలో కూర్చోబెడతాం. రేషన్ విషయంలో డాక్టరు గారి మాటే మాకు సమ్మతం.

వీవోఏ అక్కా, ఒక్క సందేహం. మేస్త్రీ తన పుస్తకం బయటివారికి చూపిస్తాడా? మా వైపు అడిగితే లేబర్ శాఖ వాళ్లమనుకుంటాడేమోనని భయంగా ఉంది.


జవాబు 5 (గ్రామైక్య సంఘం వీవోఏ, నారాయణపేట జిల్లా)

పుస్తకం చూపించడు తమ్ముడూ, చూపించమని అడగవద్దు కూడా. అడ్వాన్సు అంకెలు మాకు అవసరం లేదని ముందే చెప్పండి, రెండేళ్లలోపు పిల్లలున్న జంటల పేర్లు మాత్రం చదివి వినిపించమనండి. మీరు రాసుకోండి. మొదటిసారి మీరు ఒంటరిగా వెళ్లకుండా, అతని గుంపులో పనికి పోయే ఒక సంఘం సభ్యురాలిని వెంట తీసుకెళ్లండి. మా దగ్గర అతను చదివింది పదకొండు పేర్లు, అందులో నాలుగు మా ఏఎన్‌ఎం జాబితాలో లేవు.