చిన్న ఇంజిన్ ఇగ్నిషన్ కాయిల్‌ను (ప్లగ్‌కు స్పార్క్ ఇచ్చే తీగచుట్టను) ఇంట్లో రీవైండింగ్ చేయవచ్చా, అంటే కొత్త తీగతో మళ్లీ చుట్టవచ్చా?

పాత_ఇంజిన్:
పాయింట్లు (కరెంటును తెంచే చిన్న స్విచ్), వాటికి తోడుండే కండెన్సర్ ఉన్న పాత మాగ్నెటో ఇంజిన్ నా దగ్గర ఒకటుంది. మాగ్నెటో అంటే బ్యాటరీ లేకుండా ఫ్లైవీల్‌లోని అయస్కాంతంతో స్పార్క్ పుట్టించే రకం. కాయిల్ పాడైపోయింది. ఆ మోడల్ కాయిల్ ఇప్పుడు తయారు కావడం లేదు. మోటార్లు చుట్టడం అలవాటే కాబట్టి దీన్నీ నేనే చుట్టుకుందామని ఉంది. కొందరు చుట్టమంటున్నారు, కొందరు టైం దండగ అంటున్నారు. ఎటైనా సరే, కారణంతో చెప్పండి.

రాగితీగ:
వద్దనే చెప్తాను. కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి: లావు తీగది ప్రైమరీ, స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే సన్న తీగది సెకండరీ. మోటారు చుట్టిన చెయ్యి ప్రైమరీ వరకే పనికొస్తుంది. అర మిల్లీమీటరు పైచిలుకు తీగతో 150, 200 చుట్లు ఎవరైనా చుట్టగలరు. అసలు పరీక్ష సెకండరీ. దాదాపు 10,000 చుట్లు, తీగ మందం 0.06 మి.మీ., అంటే తలవెంట్రుకంత. 60 గ్రాముల బరువు కడితే తెగిపోతుంది. అందులో సగం బరువుకే సాగడం మొదలై, తీగ మీది ఎనామిల్ (ఇన్సులేషన్ పూత) దెబ్బతింటుంది.

తెగకుండా చుట్టారనే అనుకుందాం. 15,000 వోల్టులను 50 పొరలకు పంచితే పొరకు 300. ఒక పొర ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు వస్తుంది కాబట్టి ఒక అంచున రెండు పొరల మధ్య తేడా 600 వోల్టుల దాకా పోతుంది. అందుకే ఫ్యాక్టరీలో పొరపొరకూ కాగితం వేస్తారు, అంచుల్లో ఖాళీ వదులుతారు, చివర్లో వాక్యూమ్‌లో వార్నిష్ పట్టిస్తారు. లోపల గాలి బుడగ మిగిలితే అందులో కంటికి కనిపించని డిశ్చార్జ్ జరుగుతూ ఇన్సులేషన్‌ను రోజూ కొంచెం కొరుకుతుంది. చుట్టిన రోజు నీలం స్పార్క్ చూసి సంతోషిస్తారు. కొన్నాళ్లకు ఇంజిన్ వేడెక్కగానే ఆగిపోవడం మొదలవుతుంది. ఇంట్లో చుట్టిన కాయిళ్ల చావు ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

నాలుగు_స్ట్రోకులు:
రాగితీగ గారు చెప్పిన లెక్కలు సరైనవే. కానీ పొరల మీద పొరలు చుట్టడం ఒక్కటే దారి కాదు. 1850లలోనే పెద్ద ఇండక్షన్ కాయిళ్లు చేసినవాళ్లు సెకండరీని ముక్కలు ముక్కలుగా చుట్టి ఈ చిక్కు విప్పారు. ఇప్పుడొచ్చే మౌల్డెడ్ (రెజిన్‌లో పోతపోసిన) కాయిళ్లలోనూ చాలావాటికి గాళ్లున్న బాబిన్ ఉంటుంది, అంటే మధ్యమధ్య గోడలతో గాడులుగా విడగొట్టిన తీగ చుట్టే గొట్టం. 8 గాళ్లు పెడితే ఒక్కోదానిలో 1,250 చుట్లు, 2,000 వోల్టుల లోపే. గాడిలో తీగ కాస్త అడ్డదిడ్డంగా పడ్డా ఫరవాలేదు, మధ్యలో కాగితం అక్కర్లేదు. నెమ్మదిగా తిరిగే మోటారు, చుట్లు లెక్కపెట్టే కౌంటర్, తీగ జారడానికి రెండు ఫెల్ట్ ముక్కలు ఉంటే చాలు. వాక్యూమ్‌కు పాత ఫ్రిజ్ కంప్రెసర్ సరిపోతుంది. రెజిన్‌ను కొద్దిగా వెచ్చబెట్టి పలచగా చేసి పోసి, బుడగలు రావడం ఆగేదాకా గాలి లాగాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది అసాధ్యమేమీ కాదు.

రాగితీగ:
గాళ్ల బాబిన్ మంచి పద్ధతే. కానీ కోర్ (కాయిల్ మధ్యలో ఉండే ఇనుప ముక్క) మీద చోటు ఎక్కడుంది? 8 గాళ్లంటే మధ్యలో 7 గోడలు. గోడ 0.8 మి.మీ. అనుకున్నా 5.6 మి.మీ. వాటికే పోయింది. ఫ్లైవీల్ కింద ఇరుక్కుని ఉండే కాయిల్‌కు అంత వెడల్పు వదులుకోవడం కష్టం. ఫ్లైవీల్ బయట కూర్చునే కాయిల్ అయితే ఒప్పుకుంటాను.

మల్టీమీటర్:
చుట్టాలా వద్దా అన్నది తర్వాత. కాయిలే పోయిందని ఎలా తేల్చారు? ఇంజిన్ ఆపే స్విచ్ వైరు ఎక్కడో ఎర్త్ అయినా, కండెన్సర్ లీకైనా, పాయింట్లకు నూనె పట్టినా, కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య సందు పెరిగినా స్పార్క్ రాదు. ఆ సందు చాలా ఇంజిన్లలో పావు మిల్లీమీటరు దగ్గర ఉండాలి.

మీటరు రీడింగ్‌కూ హద్దు ఉంది. 0.06 తీగ మీటరుకు 6 ఓములు. సగటు చుట్టు 8 సెం.మీ. అయితే 10,000 చుట్లకు 800 మీటర్లు, అంటే దాదాపు 5,000 ఓములు. ఆ రీడింగ్ వచ్చినంత మాత్రాన కాయిల్ మంచిదని కాదు. వేల వోల్టుల దగ్గర లోపల దూకే స్పార్క్‌ను మీటరులోని చిన్న బ్యాటరీ చూపించలేదు. మీటరు అసలేమీ చూపకపోతే తీగ తెగినట్టే. కానీ తెగేది చాలాసార్లు లోపల కాదు, సన్న తీగను బయటి వైరుకు అతికిన జాయింటు దగ్గర, పచ్చగా చిలుము పట్టి. అక్కడ సోల్డరింగ్‌తోనే పని అయిపోతుంది.

పాత_ఇంజిన్:
కండెన్సర్ మార్చాను. స్విచ్ వైరు విప్పేసి కూడా చూశాను. సెకండరీ ఓపెన్, అంటే మీటరు ఏమీ చూపడం లేదు. రెండు జాయింట్లూ తెరిచి చూస్తే బాగానే ఉన్నాయి. పై పొరల్లో నల్లటి మచ్చ ఉంది.

కోర్_మార్పిడి:
అయితే లోపలే కాలింది. చుట్టకుండా ఇంకో దారి ఉంది. కాయిల్, కోర్ రెండూ కలిసే ఉండాలని రూలేం లేదు. ఇంకో పాయింట్ల ఇంజిన్ కాయిల్ తీసుకుని, మీ పాత కోర్ మీద ఎక్కించండి. మూడే చూసుకోవాలి: కోర్ కాలు (కాయిల్ ఎక్కే భాగం) కొలత సరిపోవాలి, ప్రైమరీ ఓములు పాతదానికి దగ్గరగా ఉండాలి, ఫ్లైవీల్‌కు తగలకూడదు. రోజూ పనిచేయాల్సిన ఇంజిన్‌కు నా సలహా ఇదే. రీవైండింగ్ అన్నది ఏ కాయిలూ సరిపోని అరుదైన ఇంజిన్‌కు దాచుకోండి. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ రకం జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులో సర్క్యూట్ కూడా రెజిన్‌లోనే ఉంటుంది.

నాలుగు_స్ట్రోకులు:
దీనికి అడ్డు చెప్పను. కానీ కాయిల్ దొరకని రోజు చుట్టడం తెలిసినవాడే ఆ ఇంజిన్‌ను బతికిస్తాడు. ఆ విద్య పోకూడదన్నదే నా పట్టుదల.

పాత_ఇంజిన్:
ముందు కోర్ కాలు కొలిచి, సరిపోయే కాయిల్ కోసం వెతుకుతాను. దొరక్కపోతే గాళ్ల బాబిన్. కాయిల్ ఫ్లైవీల్ బయటే ఉంది, చోటుంది.

రాగితీగ:
బయట ఉంటే చుట్టండి, ఇక వద్దనను. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ప్లగ్ వైరు గాల్లో వదిలేసి ఫ్లైవీల్ తిప్పొద్దు. బయట దూకే దారి లేకపోతే వోల్టేజీ పెరిగి లోపలి ఇన్సులేషన్‌నే చీలుస్తుంది. 5 మి.మీ. సందు పెట్టి, ఆ వైరును చేత్తో పట్టుకోకుండా పరీక్షించండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఇంకోసారి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వొద్దు.