కాచకపోతే అది కషాయం కాదా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ చేతిరాత నోటుపుస్తకం ఒకటి టైపు చేస్తున్నాను. పచ్చళ్ళు, పొడులు, పిల్లల దగ్గుకూ పెద్దల అజీర్తికీ చిట్కాలు, మధ్యమధ్య పాలవాడి లెక్కలు. చదువుతుంటే హాయిగా ఉంది కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఇలా రాసింది: "ధనియాల కషాయం. ధనియాలు కచ్చాపచ్చాగా దంచి రాత్రి మంచినీళ్ళలో నానవేయాలి. పొద్దున వడగట్టి పటికబెల్లం కలిపి పరగడుపున తాగాలి. ఒళ్ళు మంటకు, దాహానికి."

పొయ్యి ఊసే లేదు. కాచనిది కషాయం ఎలా అవుతుంది? "ధనియాల నీళ్ళు" అని మార్చనా? ఇలాంటివి కొన్ని ఇప్పటికే సరిచేశాను. ఇంకో పేజీలో "మిరియాల కాచు కషాయం" అని ఉంటే, కషాయమంటేనే కాచింది కదా, పునరుక్తి ఎందుకని "కాచు" కొట్టేశాను. బంధువుల మధ్య పంచుకునే పుస్తకమే అయినా తప్పులతో అచ్చు వేయడం నాకు ఇష్టం లేదు.

అనువాదకుడు:
మార్చండి. కషాయమంటే డికాషన్. ఆ ఇంగ్లీషు మాట లాటిన్‌లో "కాచి మరిగించు" అనే క్రియ నుంచి వచ్చింది. నిప్పు తగలనిదాన్ని ఆ పేరుతో పిలిస్తే చదివినవాళ్ళు గిన్నె తీసుకెళ్ళి పొయ్యి మీద పెడతారు.

ఆయుర్వేద విద్యార్థిని:
తొందరపడి మార్చకండి. మా పాఠాల్లో కషాయం ఒక్కదాని పేరు కాదు, అయిదింటికి ఉమ్మడి పేరు. చరకసంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం అని వరుసగా ఉంటాయి. పచ్చి మూలికను దంచి పిండితే స్వరసం, మెత్తగా నూరితే కల్కం, నీళ్ళలో కాస్తే శృతం, చల్లని నీళ్ళలో రాత్రంతా నానబెడితే శీతం, వేడినీళ్ళు పోసి వడగడితే ఫాంటం. శృతాన్నే క్వాథమనీ, శీతాన్నే హిమమనీ కూడా అంటారు. అయిదూ కషాయాలే. పొయ్యి మీద మరిగేది మాత్రం ఒక్కటే.

ఇంకో సంగతి. ధనియాల హిమం శార్ఙ్గధర సంహిత అనే పాత వైద్యగ్రంథంలోనే ఉంది. ధనియాలు నానిన నీళ్ళను పొద్దున్నే చక్కెరతో తాగితే లోపలి మంట, దప్పిక తగ్గుతాయని శ్లోకం. మీ అమ్మమ్మగారి చీటీ దాదాపు దానికి తెలుగు.

అనువాదకుడు:
శాస్త్రంలో ఉండవచ్చు. వాడుకలో ఎవరైనా నానబెట్టిన నీళ్ళను కషాయం అంటారా? నిఘంటువు వాడుకను చూసి రాయాలి కానీ శాస్త్రాన్ని చూసి కాదు గదా.

తెలుగు మాస్టారు:
ఇద్దరూ ఒప్పే చెబుతున్నారు, అందుకే ఈ తగవు తెగదు. అసలు ఈ మాట మందు పేరు కాకముందు ఒక రుచి పేరు. మధురం, ఆమ్లం, లవణం, కటు, తిక్తం, కషాయం. మన మాటల్లో తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. (కటువంటే చేదు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపితే త్రికటు. అందులో చేదెక్కడుంది? కారమే.) ఆ వరుసలో చివరిది కషాయం. అంటే వగరు.

వగరు నిజానికి నాలుకకు తెలిసే రుచి అనేకంటే నోటికి తెలిసే పట్టు అనాలి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని చూడండి. ముందు ఏమీ అనిపించదు. కాసేపటికి నాలుక మొద్దుబారి, చిగుళ్ళు లోపలికి లాగినట్టయి, నోరంతా పిడచకట్టుకుపోతుంది. కరక్కాయలోని టానిన్ లాలాజలంలోని మాంసకృత్తులను పట్టేయడం వల్ల నోటిలోని జారుడుతనం పోతుంది. చెట్ల బెరళ్ళు, కాయలు నీళ్ళలో వేసి తీసిన సారానికి ముందుగా తగిలేది ఈ గుణమే. రుచి పేరు సారానికి వచ్చింది. వగరున్నా లేకున్నా, మూలిక నుంచి తీసిన సారానికల్లా అదే పేరు నిలిచింది. అక్కడి నుంచి మన ఇళ్ళకు వచ్చేసరికి అయిదింటిలో నాలుగు జారిపోయి, పొయ్యెక్కేది ఒక్కటే మిగిలింది.

జారిపోయిన ఆ నాలుగూ ఏమయ్యాయన్నదే నాకు ఆసక్తి. స్వరసానికి మనకు సొంత మాట ఉంది: పసరు. పచ్చ, పసుపు, పసిమి పుట్టిన కుదురులోనే పుట్టిన మాట. అందుకే ఆకు పిండితే పసరు, పండు పిండితే రసం. అల్లం పిండినదాన్ని ఎవరూ అల్లం పసరు అనరు, అందులో పచ్చదనం లేదు కనుక. సంస్కృతంలో రెండూ స్వరసమే, ఈ తేడా తెలుగు చూసింది. కల్కానికి ముద్ద ఉంది. అది కాక, సానమీద శొంఠి కొమ్ము అరగదీస్తే వచ్చేది గంధం, దాన్ని నుదుటికి రాస్తే పట్టు. నూరడానికీ దంచడానికీ అరగదీయడానికీ వేర్వేరు పేర్లు పెట్టుకున్న జాతి మనది. హిమానికి మాత్రం "నానబెట్టిన నీళ్ళు" అని ఊరుకున్నాం. ఇక ఫాంటానికైతే మాటే లేదు.

మాట లేదు గానీ రోజూ పొద్దున్నే తాగుతున్నాం. ఫిల్టర్ పై గిన్నెలో కాఫీపొడి వేసి, మరుగుతున్న నీళ్ళు పోసి, మూతపెట్టి వదిలేస్తాం. చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. పొడి ఎక్కడా కాగదు. శాస్త్రం ప్రకారం అచ్చమైన ఫాంటం. దాన్ని మనం ఏమంటున్నాం? డికాషన్! అంటే అనువాదకుడుగారు చెప్పినట్టు, కాచినది. వగరు అనే అర్థం ఉన్న మాట కాచినదానికి పెట్టుకున్నాం, కాచినది అనే అర్థం ఉన్న మాట కాచనిదానికి పెట్టుకున్నాం. ఇంత చేసి, ఒక పెద్దావిడ నానబెట్టిన ధనియాలను కషాయమన్నదని దిద్దబోతున్నాం.

అనువాదకుడు:
మాస్టారూ, ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే రెండు గ్లాసులు తాగుతూ ఒక్కసారీ తట్టలేదు. ఆ విషయంలో ఓడిపోయాను. కానీ పొయ్యి మీద పెడతారన్న నా భయం మాత్రం అలాగే ఉంది.

వంటింటి సభ్యురాలు:
మీరంతా సంస్కృతం నుంచి వస్తున్నారు, నేను గరిటె వైపు నుంచి వస్తాను. మిరియాల కషాయానికీ మిరియాల చారుకూ తేడా ఏమిటని మా అత్తగారిని అడిగితే "ఉప్పు" అన్నారు. ఉప్పు వేస్తే కంచంలోకి, వేయకపోతే గ్లాసులోకి. నాకిప్పటికీ అంతకంటే మంచి నిర్వచనం దొరకలేదు. ఇంకొకటి. చారు, కాఫీ, కషాయం మూడూ "పెడతాం". కానీ "కాస్తాం" అనేది పాలు, నెయ్యి, కషాయం వంటివాటికే ఎక్కువ. పప్పును కాచామని ఎవరూ అనరు, అది ఉడకాలి. కాచడంలో ద్రవం ముఖ్యం, ఉడకడంలో గింజ ముఖ్యం.

ఆయుర్వేద విద్యార్థిని:
మీ అత్తగారికి నమస్కారం పెట్టాలి. చరకుడు కషాయాలకు మూలమైన రుచులు అయిదే అన్నాడు. ఆరింటిలో వదిలేసింది ఉప్పునే. ఉప్పును పిండితే రసం రాదు, నానబెట్టి సారం తీయడానికీ అందులో ఏమీ లేదు, అందుకని. అయితే చారుకూ కషాయానికీ అదొక్కటే గీత అనుకోకూడదు. కాచి దించిన క్వాథంలో జీలకర్ర, ఇంగువ, త్రికటువులతో పాటు లవణాన్ని కూడా పైన చల్లవచ్చని శార్ఙ్గధరుడు చెప్పాడు. దాన్ని ప్రక్షేపం అంటాం. పైన చల్లినంత మాత్రాన అది చారు అయిపోదు.

కొలత కూడా చెప్పేస్తాను. క్వాథానికి ఆయన లెక్క ఒక వంతు దంచిన మూలికకు 16 వంతుల నీళ్ళు, ఎనిమిదో వంతు మిగిలేదాకా మరగాలి. హిమానికి ఆరింతల నీళ్ళు చాలు, మంట అక్కరలేదు. ఇంట్లో చాలామంది సగానికి ఇగరగానే దించేస్తారు.

తెలుగు మాస్టారు:
"ఇగరగానే" అన్నారు, బాగుంది. ఇగురు కూర కూడా ఆ క్రియ బిడ్డే.

కొత్త సభ్యుడు:
ఒక సందేహం. కాషాయ వస్త్రానికీ ఈ కషాయానికీ చుట్టరికం ఉందా, లేక మాటలు కలిశాయంతేనా? అలాగే పల్లెల్లో "కసాయం" అంటారు, దానికీ కసాయికీ?

తెలుగు మాస్టారు:
రెండోది ముందు తేల్చేస్తాను. కసాయి ఉర్దూ ద్వారా వచ్చిన అరబ్బీ మాట, దానికీ దీనికీ పొత్తు లేదు. మందు ఎంత చేదుగా ఉన్నా ఇచ్చినవాళ్ళను ఆ మాట అనకూడదు.

మొదటిదానికి మాత్రం దగ్గరి చుట్టరికం. పాణిని నాలుగో అధ్యాయం రెండో పాదం మొదటి సూత్రం "తేన రక్తం రాగాత్". ఏ రంగుతో అద్దితే ఆ రంగు పేరు మీద బట్టకు పేరు వస్తుందని చెబుతుంది. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికా వృత్తి దీనికి ఇచ్చే ఉదాహరణే కాషాయం. కషాయంలో ముంచి రంగు పట్టించిన బట్ట కాషాయం. ఇవాళ మనం రంగు పేరనుకుంటున్నది మొదట తయారీ పేరు. పాళీలో ఇదే కాసావ. బౌద్ధుల ధమ్మపదం తొమ్మిదో గాథలో దీని మీద ఒక చమత్కారం ఉంది. లోపలి కసావం, అంటే మనసుకు పట్టిన మరక వదలనివాడు కాసావం కట్టడానికి తగడని. జైనులు కూడా క్రోధం, మానం, మాయ, లోభం నాలుగింటినీ కషాయాలనే అంటారు. ఒకసారి అంటితే వదలని గుణం ఆ మాటలో అన్నిచోట్లా కనిపిస్తుంది.

కలంకారీ తెలిసినవారు:
అంటితే వదలదు అన్నారు గనుక నేనూ ఒక మాట. శ్రీకాళహస్తి పనిలో బట్టను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపినదాంట్లో ముంచి ఎండబెడతారు. బట్ట లేత పసుపుకు తిరుగుతుంది. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరవేసిన నీళ్ళను కసీం అంటారు. కలంతో ఆ కసీం గీత గీస్తే మొదట వెలిసినట్టు ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము కరక్కాయ వగరును పట్టుకోవడమే ఆ నలుపు. ఉతికినా పోదు. మాస్టారు చెప్పిన నోరు పట్టేయడం, ఈ బట్ట రంగు పట్టడం, రెండిటికీ కారణం ఆ ఒక్క వగరే.

అనువాదకుడు:
ఇంకో కొస దొరికింది. 2020లో కోవిడ్ రోజుల్లో హిందీలో అంతా కాఢా అన్నారు, మనం కషాయం అన్నాం. ఆ కాఢా క్వథ్ ధాతువు నుంచి వచ్చింది, అంటే "కాగు". వాళ్ళ మజ్జిగ పులుసు కఢీ కూడా దాని తోబుట్టువే. వాళ్ళు కాచడాన్ని పట్టి పేరు పెట్టారు, మనం రుచిని పట్టి.

వంటింటి సభ్యురాలు:
అందుకే మనవాళ్ళు మొహం అలా పెడతారు. ఆముదం తర్వాత ఆ గౌరవం కషాయానిదే.

ఆయుర్వేద విద్యార్థిని:
ఒక చిన్న మనవి. ఇక్కడ మాట గురించి మాట్లాడుకుంటున్నాం, మోతాదుల గురించి కాదు. పుస్తకంలో పసిపిల్లలకు, గర్భిణులకు అని రాసినవి ఏవైనా ఉంటే అచ్చు వేసేముందు వైద్యులకు చూపించండి.

అడిగినవారు:
తప్పకుండా. అందరికీ కృతజ్ఞతలు. మీ చర్చ చదువుతూ నోటుపుస్తకం మళ్ళీ మొదటి నుంచి తిప్పాను. నాకు ఒళ్ళు జలదరించింది. మిరియాలు, శొంఠి, వాము, తులసి: పొయ్యెక్కే నాలుగు చోట్లా ఆవిడ "కాచు కషాయం" అనే రాసింది. నానబెట్టే ధనియాల దగ్గర, వట్టివేళ్ళ దగ్గర ఒట్టి "కషాయం". ఒక్కచోట కూడా తారుమారు కాలేదు. ఆవిడ చదివింది అయిదో తరగతి. నాలుగు చోట్లా "కాచు" కొట్టేసింది నేను.

తిరిగి రాసేశాను. అనువాదకుడుగారి భయం కోసం ధనియాల పేజీలో కింద చిన్న అక్షరాలతో "దీన్ని కాచనక్కరలేదు" అని నా మాటగా చేర్చాను.

ఒక్క సంగతి తేలలేదు. మిరియాల పేజీ అంచున "ఉప్పు వద్దు" అని రాసి కింద రెండు గీతలు గీసింది. తాతయ్యకు రక్తపోటు ఉండేది. అది కషాయం సంగతా, డాక్టరు చెప్పిన సంగతా అని అడగడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు. గీతలతో సహా ఉన్నదున్నట్టు అచ్చు వేస్తున్నాను.