పట్టు, విడుపు: తెల్ల రక్తకణం నడకకు తగిన మాటలు

సభ్యులకు నమస్కారం. తెల్ల రక్తకణాల కదలికపై తెలుగులో ఒక పాఠం రాస్తుండగా ఎదురైన పదసమస్యను మీ ముందుంచుతున్నాను. కణం తాను పాకే తలానికి అంటుకోవడాన్ని 'సంశ్లేషం' అనీ, అక్కడినుంచి ఊడిరావడాన్ని 'వియోజనం' అనీ మొదట రాశాను. తిరిగి చదివితే అవి ఒకదానితో ఒకటి పొంతన లేని పనుల్లా వినిపించాయి. అవి ఒకే నడకలోని రెండు దశలు కనుక 'పట్టు', 'విడుపు' అన్న జంటను ప్రతిపాదిస్తున్నాను. తగవుల్లో పట్టువిడుపులు ఉండాలంటామే, ఆ మెత్తబడటం కాదు నాకు కావలసింది; గ్రహణానికి పట్టు, విడుపు అన్నప్పుడు వినబడే వరుసక్రమం.

తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్‌నే చూడండి. బాక్టీరియా వదిలిన రసాయనం పైపొరలోని గ్రాహకానికి తగలగానే కణంలోపలి పొరల అల్లికైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో నిల్వ ఉన్న కాల్షియం కణద్రవంలోకి వస్తుంది. నిల్వ తరిగిన సంగతిని స్టిమ్1 అనే ప్రొటీన్ పసిగట్టగా, పైపొరలో ఓరై1 ద్వారాలు తెరుచుకుని బయటి కాల్షియం కూడా లోపలికి చేరుతుంది. విశ్రాంతిలో సుమారు 100 నానోమోలార్ ఉండే గాఢత సెకన్లలోనే ఎన్నో రెట్లు పెరిగి, పంపులు తోడేయడంతో మళ్లీ దిగుతుంది.

ఈ హెచ్చుతగ్గులను అణచివేసి చేసిన ప్రయోగాలు 1990, 1991లలో వెలువడ్డాయి. కణాలు గట్టిగా అంటుకునే ప్రొటీన్లయిన ఫైబ్రోనెక్టిన్ గానీ విట్రోనెక్టిన్ గానీ పూసిన తలం మీద న్యూట్రోఫిళ్ల నడక కుంటుపడింది. పట్టు దొరకక కాదు, దొరికిన పట్టును వదలలేక. అంటే పట్టు గట్టిగా ఉన్నచోటనే విడుపుకు కాల్షియం అవసరం బయటపడింది. పట్టుకునే ప్రొటీన్లయిన ఇంటెగ్రిన్లు కణం వెనుక కొసన, అంటే తోక దగ్గర, ఊడాక కణంలోపలి దారిగుండా ముందు అంచుకు చేరి మళ్లీ పట్టుకు పనికివస్తాయని 1995లో తెలిసింది. ఆ విడుపే తర్వాతి పట్టవుతుంది! 'వియోజనం' అన్న మాటలో ఈ సంగతికి చోటెక్కడుంది?

ఒక సభ్యుని స్పందన: జంట బాగుందండీ. అయితే అదే పేరాలో 'కాల్షియం విడుదల' అని కూడా రాయవలసి వస్తుంది కదా. రెండూ 'విడు' నుంచి వచ్చినవే కనుక విద్యార్థి తికమక పడడా?

జవాబు: మంచి సందేహమండీ. చెర నుంచి విడుదల అంటాం గానీ విడుపు అనం. విడుదల బంధంలో ఉన్నదానికి, విడుపు పట్టుకున్నదానికి. కాల్షియం నిల్వలో బందీగా ఉన్నది, తోక తలాన్ని పట్టుకుని ఉన్నది. కనుక పాఠంలో వాక్యాన్ని ఇలా స్థిరపరిచాను: "లోపల కాల్షియానికి విడుదల దొరికితేనే, గట్టిగా అంటుకున్న తోకకు విడుపు."