చేలో ప్లాస్టిక్ ముక్కలు యాంటీబయాటిక్‌ను పట్టేస్తే మేలేనా?

పలమనేరు టమోటా:
పంట అయిపోయాక మల్చింగ్ షీటు (మొక్కల చుట్టూ మట్టి మీద పరిచే ప్లాస్టిక్) పీకుతుంటే కొంతే చేతికొస్తుంది, మిగతాది పేలికలై దుక్కిలో కలిసిపోతుంది. అదే చేలో కోళ్ల ఎరువు తోలుతున్నాం. మా గ్రూపులో ఒకాయన, కోళ్లకు వాడగా ఎరువులో మిగిలిన యాంటీబయాటిక్ మందును ఈ ముక్కలు పట్టేసుకుంటాయి, పంటలోకి పోదు, ఒకరకంగా మంచిదే అంటున్నాడు. నిజమేనా?

తిరుపతి మట్టి:
ఒప్పుకోను అన్నా. పట్టుకోవడం వేరు, పోగొట్టడం వేరు. షీటు పాలిథీన్. కొత్తలో అది మందును పెద్దగా పట్టుకోదు, నైలాన్ రకాలైతే దానికంటే బాగా పట్టుకుంటాయి. ఎండకు పెళుసెక్కాక పైపొర ఆక్సిజన్‌తో కలిసి మారుతుంది, సన్న పగుళ్లు పడతాయి, అప్పుడు టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు బాగా అంటుకుంటాయి. కానీ మట్టిలో ఉప్పు పెరిగినా, పీహెచ్ (పులుపు-క్షారం స్థాయి) మారినా మళ్లీ వదిలేయొచ్చు. ఇంకోటి, టెట్రాసైక్లిన్‌ను గట్టిగా పట్టేది బంకమన్ను, హ్యూమస్ (కుళ్లిన ఆకు అలముల నల్లటి పదార్థం). అవి తక్కువున్న మన ఎర్ర ఇసుక నేలల్లో పాలిథీన్ ముక్కలు ఎక్కువైతే మొత్తం మీద మందును పట్టి ఉంచే మట్టి శక్తి తగ్గి మందు నీళ్లతో కిందికి దిగే ప్రమాదం ఉంది. సల్ఫా మందులైతే (ఇవి ఇంకో రకం యాంటీబయాటిక్‌లు) ప్లాస్టిక్ లేకపోయినా మట్టిలో సరిగ్గా నిలవవు.

చిత్తూరు పశువైద్యం:
సార్, ల్యాబుల్లో కలిపే ప్లాస్టిక్ మోతాదు చాలాసార్లు మామూలు చేలల్లో ఉండేదానికంటే ఎక్కువ, ఆ ఫలితాలతో రైతుకు టెన్షన్ పెట్టొద్దు. అసలు మూలం మందు వాడకం. కోళ్లకిచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాటి ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, అది మనుషులకు రాసే మందే. టెట్రాసైక్లిన్ జాతిదే అయిన ఆక్సీటెట్రాసైక్లిన్ అయితే చాలావరకు మారకుండానే రెట్టలో వచ్చేస్తుంది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది, మిగతా మందుల మీద కూడా అంత పట్టుదల కావాలి. ఎరువు పచ్చిగా తోలకుండా బాగా మాగబెడితే టెట్రాసైక్లిన్లు చాలావరకు విరిగిపోతాయి, సిప్రో జాతి మాత్రం మొండిది.

తిరుపతి మట్టి:
మందు సంగతి మీరన్నదే, ల్యాబు మోతాదు మాటా నిజమే. నా భయం వేరే చోట ఉంది. ప్లాస్టిక్ ముక్క మీద బ్యాక్టీరియా జిగురు పొరలా అతుక్కుని గుంపుగా బతుకుతుంది. అదే ముక్క మీద కొద్దికొద్దిగా మందు కూడా ఉంటే, అది బ్యాక్టీరియాను చంపదు, తట్టుకోగలిగిన వాటిని మిగులుస్తుంది, పక్కపక్కనే ఉన్నవి నిరోధక జన్యువులను (మందును తట్టుకునే గుణమిచ్చేవాటిని) ఒకదానికొకటి అందించుకుంటాయి. అందుకే పట్టేస్తే మంచిదే అన్న మాట నాకు అసలు మింగుడుపడదు.

పలమనేరు టమోటా:
అయితే ఈసారి పల్చటి షీటు కొనను. మందం షీటు వేస్తే చిరగకుండా చుట్టి తీయొచ్చు, కూలి ఖర్చయినా సరే. ఎరువు మాత్రం ఎన్నాళ్లు మాగబెట్టాలో డాక్టరుగారు చెప్పాలి.