రైఫిల్ జీరో 200 మీటర్లకా, 300కా? కాల్పులు అసలు ఎంత దూరంల జరుగుతయి?

దేవరకొండ పిలగాడు:
ఆర్మీ భర్తీకి తయారైతున్న. నల్లగొండ గ్రౌండ్ల మాకు రన్నింగ్ నేర్పే ఇద్దరు రిటైర్డ్ సార్లు నిన్న మా ముందట్నే వాదులాడుకున్నరు. రైఫిల్ జీరో, అంటే గురిపెట్టిన చోటనే గుండు తగిలేటట్టు సైటు కట్టే దూరం, 300 మీటర్లకు ఉండాలె అని ఒకాయన, 200 చాలు అని ఇంకొకాయన. నేను ఎన్‌సీసీల పాయింట్ 22 తోటి 25 గజాల మీద కొట్టుడే గాని ఇవన్ని తెల్వయి. ఎవరి మాట సరైంది?

హాలియా హవల్దార్ (రిటైర్డ్):
తమ్మీ, నా మాట 200. ఎందుకో ఇను.

గుండు గీత గీసినట్టు పోదు. బ్యారెల్ మన చూపుకు కింద ఉంటది, జర పైకి చూస్తుంటది. అందుకే గుండు చూపు రేఖను దగ్గర్నే ఒకసారి దాటి పైకి లేస్తది, దూరం పోయినంక దిగుకుంట ఇంకోసారి దాటుతది. ఆ రెండో దాటుడు ఎక్కడ ఉండాలె అన్నదే మీ సార్ల లొల్లి. 5.56 మిల్లీమీటర్ల గుండు రైఫిల్‌ను 300కు కడితే నడుమ, 150 నుంచి 200 మీటర్ల కాడ, గుండు సుమారు అరడుగు పైనుంచి పోతది. రేంజ్‌ల నిలబెట్టిన అట్ట మనిషికైతే తగుల్తది. కాని కాల్పులల్ల ఎవడు నిలబడతడు? బండ చాటు నుంచి తల, ఒక భుజం, గంతే ఆనేది. ఆడ అరడుగు అంటే నెత్తి మీంచి పోయినట్టే. 200కు కడితే ఆ దూరం దాక బెత్తెడు కూడ లేవదు. 300 కాడ జానెడు లోపు దిగుతది, శిస్త్ (గురి) జర పైకి పట్టుకుంటే అయిపాయె.

మీ ఊరి రోడ్డు మీద నాలుగైదు కరెంటు స్తంభాల అవతల ఒక మనిషిని పండుకోబెట్టి చూడు, ఎంత కనపడతడో. బత్తాయి తోటల అడ్డంగ చూస్తే 50 మీటర్లు ఆనదు. నల్లమల సంగతి చెప్పనే అక్కర్లేదు.

పాలమూరు సుబేదార్ (రిటైర్డ్):
హవల్దార్ తమ్మీ, నువ్వు తోట చూసి చెప్తున్నవు. మన ఫౌజ్ కాపలా కాసేది ఎక్కువ కొండల మీద. అఫ్గానిస్తాన్ సంగతి మీద 2009ల అమెరికా మేజర్ థామస్ ఎర్‌హార్ట్ రాసిండు: అక్కడి కాల్పులల్ల సగానికి మించి 300 మీటర్లు దాటినయే, వాళ్ల జవాన్లకు ఆ దూరానికి తాలీమే సరిగ లేదు అని. మనోళ్లు 2019ల 72,400 సిగ్ 716 రైఫిళ్లు కొన్నరు, 7.62×51 అనే పెద్ద గుండువి. దూరం అవసరం లేకుంటే అంత బరువు ఎందుకు మోపిస్తరు? 200 దాక నేర్చినోడు 400 కాడ చేతులెత్తేస్తడు. నా భయం అదే.

హాలియా హవల్దార్:
సుబేదార్ సాబ్, తాలీమ్ 400 దాక ఇయ్యాలె, కాదంటలేను. జీరో వేరే, తాలీమ్ వేరే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాయింట్ 303 సైటు మీద 2000 గజాల దాక గీతలుండె. ఎంతమంది కొట్టగలిగినరు? 1952ల అమెరికా సైన్యానికి నార్మన్ హిచ్‌మన్ ఇచ్చిన నివేదికల ఏమున్నది? రైఫిల్ వాడుడు ఎక్కువ 300 గజాల లోపే, మామూలు జవాను గురి 100 గజాలు దాటంగనే పడిపోతది అని. సిగ్ లక్షన్నర లోపే కొన్నరు, అమేథీల ఏకే-203 ఆరు లక్షలకు పైన చేయిస్తున్నరు. దాని గుండు 7.62×39, కురుస గుండు. అంత దూరం కొట్టెటందుకు ఎంఎంజీ (మీడియం మెషిన్ గన్) ఉన్నది, మోర్టార్ ఉన్నది, స్నైపర్ ఉన్నడు. కార్గిల్ల కొండ ఎక్కినోళ్లు ఆఖరుకు బంకర్ల కాడ చేతికందే దూరంల కొట్లాడిన్రు. గల్వాన్‌ల మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు అమరుడైన రాత్రి, 2020 జూన్ 15న, ఒక్క తుపాకి పేలలే.

మహబూబ్‌నగర్ ఫిజిక్స్ మాస్టారు:
మీ ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. వాలులో గురిపెడితే గుండును దించేది ఏటవాలు దూరం కాదు, దాదాపుగా అడ్డ దూరమే. 30 డిగ్రీల వాలులో 400 మీటర్ల దూరాన్ని 346 మీటర్లుగా లెక్కవేయాలి. పైకి గురిపెట్టినా కిందికి గురిపెట్టినా గుండు అనుకున్నదానికి పైనే తగులుతుంది. ఎత్తు ప్రదేశంలో గాలి పలుచన, గుండు వేగం తక్కువగా తగ్గుతుంది, ఇంకా పైకి పోతుంది. మైదానంలో 300కు కట్టిన రైఫిల్‌ను అలాగే కొండెక్కిస్తే రెండు తప్పులూ ఒకే వైపు కలుస్తాయి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ఉంటే 5.56 గుండు 300 మీటర్లలో సుమారు అడుగు పక్కకు జరుగుతుంది. దానికి ఏ జీరో మందు కాదు.

పాలమూరు సుబేదార్:
మాస్టారు చెప్పింది నిజం. పోస్టు మీదికి చేరినంక అక్కడ్నే మళ్ల జీరో చేస్కోవాలె. 5.56కు 200 అంటే ఒప్పుకుంట. సిగ్ చేతుల ఉన్నోడికి మాత్రం 300 అనే అంట, ఈ మాట మార్చను.

దేవరకొండ పిలగాడు:
సార్, మరి నేను ఇప్పుడేం నేర్చుకోవాలె?

హాలియా హవల్దార్:
గ్రూపింగ్, బిడ్డా. ఐదు రౌండ్లు ఒక్క తీరుగ ఊపిరి ఆపి, ట్రిగ్గర్ గుంజకుండ నొక్కి, ఒక్క కాడ పడేసుడు. టార్గెట్ నడుమ పడకున్నా ఫికర్ లేదు, సైటు జరిపి ఉస్తాద్ నడుమకు తెస్తడు. ఐదు ఐదు దిక్కుల పడితే ఆయన దేన్ని జరపాలె?